రాబందు పోతోందని ముందు చూసిందెవరు?

(దళిత కార్యకర్తల శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకిచ్చిన అంశం పేరు కాగితం మీద చాలా పెద్దగా ఉంది. ‘ప్రపంచ జీవవైవిధ్యానికి రాబోయే కొత్త ప్రమాదాలను ముందుగా గుర్తించడం’ అని రాశారు. ఆ పేరు చదవగానే వెనకవైపు కూర్చున్న అన్నలు కొందరు ముఖాలు చూసుకున్నారు. భూమి సమస్య తెగలేదు, కూలి సమస్య తెగలేదు, శ్మశానానికి జాగా లేదు, మధ్యలో ఈ పిట్టల గోల మనకెందుకు అని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పర్యావరణం అనగానే మన కళ్ల ముందు కనపడేది మెడలో కెమెరా వేసుకుని జీపు దిగే పెద్దమనిషి. లేకపోతే ఆదివాసీని అడవి నుంచి వెళ్లగొట్టే బోర్డు. అందులో మనకు చోటెక్కడిది?

అందుకే మేం పులి గురించీ ఏనుగు గురించీ మాట్లాడటం లేదు. చచ్చిన గొడ్డు గురించి మాట్లాడతాం. దాని తోలు తీసిన చేతుల గురించి, దాన్ని తిన్న పక్షి గురించి మాట్లాడతాం. ఆ తర్వాత కలుపు తీసే చేతుల గురించి మాట్లాడతాం. ఆ రెండు రకాల చేతులూ మనవే. ముంచుకొచ్చే ప్రమాదాన్ని మొదట తాకేది ఆ చేతులకే. అయినా ఆ చేతులను అడిగినవాడు లేడు. మనం ఈ పూట తేల్చుకోవాల్సింది ఆ సంగతే.

ఊరి బయట జరిగిన పని

ఊళ్లో గొడ్డు చచ్చిపోతే ఏం జరిగేదో ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కర్లేదు. దొర ఇంటి నుంచి కబురొచ్చేది. వెట్టికి పోవాలి. కాళ్లు కట్టి, వాసం దూర్చి, భుజాన మోసి ఊరి బయటకు తేవాలి. తోలు తీయాలి. ఆ తోలు లందలో పడేది. సున్నం, తంగేడు చెక్క, కరక్కాయ పట్టించి మనోళ్లు దాన్ని తోలు చేసేవాళ్లు. అదే మోటకు బొక్కెన అయ్యింది, దొర కాలికి చెప్పు అయ్యింది, మన చేతిలో డప్పు అయ్యింది. ఊరంతా ఆ తోలు మీద బతికింది. ఆ తోలు చేసినవాడిని మాత్రం అంటరానివాడంది.

తోలు తీసి మనోళ్లు పక్కకు జరగ్గానే పై నుంచి రాబందులు దిగేవి. మా వాడ పెద్దలు చెప్పేవాళ్లు, గొడ్డు పడిన చోట పూట గడిచేసరికి తెల్లటి ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదని. కంపు లేదు, ఈగ లేదు, పురుగు లేదు. ఆ ఎముకలను ఏరి అమ్ముకుని బతికినవాళ్లూ మనలోనే ఉన్నారు. అంటే ఊరి మురికిని ఊరికి తెలియకుండా ఎత్తిపోసే పని రెండు జాతులు చేశాయి. ఒకటి మనం, రెండోది ఆ పక్షి. ఇద్దరికీ ఊరిచ్చిన జీతం ఒకటే: అసహ్యం.

మన భాష చూడండి. పేదల రక్తం తాగే వడ్డీ వ్యాపారిని రాబందు అంటాం. మన సభల్లో, మన పాటల్లో కూడా ఆ మాట వాడతాం. కాని రాబందు బతికున్న ఏ ప్రాణినీ చంపి తినే పక్షి కాదు. చచ్చినదాన్ని తిని ఊరిని శుభ్రం చేస్తుంది. బతికినవాళ్లను పీక్కుతినే మనిషికి ఆ పేరెందుకు? ఇంకో తమాషా ఉంది. రావణుడితో పోరాడి పడిపోయిన జటాయువును రాముడు ‘లే పక్షీ’ అన్నాడనీ, అందుకే ఆ ఊరు లేపాక్షి అయ్యిందనీ కథ చెప్తారు. కథలో పక్షికి దండం పెట్టారు. కళ్ల ముందున్న పక్షి చెట్ల మీది నుంచి రాలిపడుతుంటే ఎందుకని అడిగినవాళ్లు చాలా కాలం లేరు. పురాణంలో శబరి ఎంగిలి పండు తిన్నట్టు రాసుకుని, గడప దగ్గర మన గ్లాసు వేరుగా పెట్టిన నీతి ఇది. మనకు కొత్తేమీ కాదు.

మందు కథ

ఇక అసలు కథ. మన దేశంలో రాబందులు ఒకప్పుడు కోట్లలో ఉండేవి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కు ఉంది. అక్కడ విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1980ల మధ్యలో రాబందులను లెక్కపెట్టారు. 1990ల రెండో సగంలో మళ్లీ లెక్కపెడితే గూళ్లు ఖాళీ. చెట్ల మీద మెడలు వాల్చి కూర్చున్న పక్షులు, కింద చచ్చిపడిన పక్షులు. దేశమంతా సర్వేలు చేశారు. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు వెయ్యిలో 999 పోయాయని తేలింది. పొడుగు ముక్కు రాబందులు, సన్నముక్కు రాబందులు కలిపి వందలో 97 దాకా పోయాయి. ఇంత వేగంగా కూలిపోయిన పక్షి జాతులు ప్రపంచంలోనే అరుదు.

మొదట రోగమనుకున్నారు. ఏదో వైరస్ అన్నారు. పురుగు మందులన్నారు. చివరికి పాకిస్తాన్ పంజాబులో చచ్చిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం కారణం పట్టుకుంది. 2004లో అది ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యింది. కారణం ఒక నొప్పి మందు. పేరు డైక్లోఫెనాక్. మనకు ఒళ్లు నొప్పులకూ కీళ్ల నొప్పులకూ ఇచ్చే మందే. 1990ల మొదట్లో దాని పేటెంటు గడువు తీరింది, దేశంలోని కంపెనీలు చౌకగా తయారుచేయడం మొదలుపెట్టాయి. పశువులకూ సూది వేయడం అలవాటైంది. జ్వరమొస్తే అది, కుంటితే అది, ఈనలేకపోతే అది. కొన్ని పశువులు సూది వేసిన రోజో మరునాడో చచ్చిపోయేవి. ఆ కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడయ్యేవి. ఒంట్లో యూరిక్ ఆమ్లం తెల్లటి పిండిలా గుండె మీద, కాలేయం మీద పేరుకునేది. రోజుల్లోనే పక్షి చచ్చేది. ఒక్క గొడ్డు మీద పదుల సంఖ్యలో వాలి తినే పక్షి అది. అందుకే వంద కళేబరాల్లో ఒక్కదానిలో కూడా పూర్తిగా మందు అక్కర్లేదు, అంతకంటే తక్కువైనా ఆ జాతి కూలిపోవడానికి చాలునని లెక్కగట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ మందును మనిషి మీద పరీక్షించారు, పశువు మీద పరీక్షించారు. పశువును తినేవాటి మీద పరీక్షించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఎందుకు రాలేదు? గొడ్డు చచ్చాక అది ఊరి హద్దు దాటుతుంది. ఊరి హద్దు దాటిన తర్వాత ఏం జరుగుతుందో చదువుకున్న బుర్రకు అక్కర్లేదు. ఆ తర్వాత పని మనది, ఆ పక్షిది. చదువుకు కూడా అంటరానితనం ఉంటుందంటే ఇదే.

మన దేశంలో 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకం ఆపమని ఆదేశాలిచ్చారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే మందు ఉందని అదే ఏడాది నిరూపించారు. కాని మందు ఆగలేదు. మనుషుల కోసమని పెద్ద సీసాల్లో అమ్మిన మందునే గొడ్లకు ఎక్కించారు. దాంతో 2015లో మనుషుల సూది మందు సీసా 3 మిల్లీలీటర్లు దాటరాదన్నారు. ఆ తర్వాత అదే కుటుంబంలోని ఇంకో రెండు మందులు, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా రాబందులను చంపుతున్నాయని తేలితే 2023లో పశువులకు నిషేధించారు. నిమెసులైడ్‌ను 2024 ఆఖర్లో నిషేధించారు. లెక్క చూడండి. 1990ల మొదట్లో పక్షి రాలడం మొదలైతే, మొదటి మందు ఆగమనడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. చివరి మందు దాకా రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

లెక్కలో ఐదు లక్షల మంది

పక్షి పోతే పోయింది, మనిషికేం అనేవాళ్లున్నారు. వాళ్లకిది చెప్పండి. రాబందులు పోయాక కళేబరాలు కుళ్లాయి. వాగుల్లోకి, చెరువుల్లోకి ఆ కుళ్లు దిగింది. ఆ తిండికి ఊరకుక్కలు పెరిగాయి. కుక్కకాట్లు పెరిగాయి, పిచ్చికుక్క రోగం పెరిగింది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, రాబందులు బాగా ఉండిన జిల్లాలనూ అవి లేని జిల్లాలనూ పోల్చి లెక్కవేశారు. ఆ లెక్క 2024లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో అచ్చయ్యింది. 2000 నుంచి 2005 దాకా, రాబందులు లేకపోవడం వల్ల మన దేశంలో అదనంగా చనిపోయిన మనుషులు సుమారు 5 లక్షలు.

ఐదు లక్షలు! ఆ ఐదు లక్షల మందిలో ఎవరెక్కువ ఉంటారో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. గొడ్లను పారేసే జాగా ఊరికి ఏ దిక్కున ఉంటుంది? వాడ ఏ దిక్కున ఉంటుంది? చీకట్లో చెంబు పట్టుకుని బయటికి పోయే ఆడవాళ్లు ఎవరు? చెప్పులు లేకుండా బడికి నడిచే పిల్లలెవరు? కుక్క కరిస్తే పసరు పోయించుకుని ఇంటికొచ్చే మనిషి ఎవరు? సూది మందు కోసం పట్నం పోతే ఆ రోజు కూలి పోతుందని ఆలోచించే తల్లి ఎవరు? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడమన్నది దాదాపు లేదు. కాబట్టి ఒక పక్షి చావు మన వాడలోకి వచ్చింది. చెప్పకుండా వచ్చింది.

మన ప్రశ్న ఇదే: గొడ్లు మోసే మనోళ్లు కళేబరం మీద పక్షులు తగ్గిపోవడం చూడలేదా? చూశారు. చూడకుండా ఎట్లా ఉంటారు, వాళ్ల పనే అది. ఎముకలకు మాంసం అంటుకుని ఉంటే ఏరుకునేవాడి కూలి పోతుంది. మొదటి దెబ్బ వాడికే. కాని వాడు చూసింది ఏ పుస్తకంలో ఎక్కింది? ఏ పశువుల డాక్టరు వాడను అడిగాడు, ఏ అధికారి రాసుకున్నాడు? మా వాడకైతే ఒక్కరూ రాలేదు. చూసిన కన్ను ఉంది, రాసుకునే చెయ్యి లేదు. ఆ రెండింటి మధ్య దూరమే ఐదు లక్షల ప్రాణాలు.

పదిహేను అంశాల జాబితా

ఇప్పుడు కాగితం మీదున్న పెద్ద పేరు దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో విలియం సదర్లాండ్ అనే ప్రొఫెసరున్నారు. ఆయనా తోటి శాస్త్రవేత్తలూ ఏటా ఒక పని చేస్తారు. రాబోయే కాలంలో ప్రాణికోటికి మేలో కీడో చేయగల, ఇంకా జనానికి పెద్దగా తెలియని సంగతులను పోగుచేస్తారు. ఒక్కొక్కరు తలా కొన్ని తెస్తారు. వాటికి మార్కులు వేస్తారు. కూర్చుని వాదించుకుంటారు. చివరికి 15 అంశాలు ఏరి అచ్చువేస్తారు. 2010కి గాను మొదటి జాబితా వచ్చింది. అప్పటి నుంచి ఏటా వస్తోంది. మొదటి జాబితాలోనే ప్లాస్టిక్ రేణువుల సంగతి ఉంది. అప్పటికి మన పేపర్లలో ఆ మాటే లేదు. ఇవాళ ఆ రేణువులు మనిషి నెత్తురులోనూ దొరుకుతున్నాయి. అంటే ఆ పని పనికిమాలిన పని కాదు. మొయిలు చూసి వాన చెప్పడం లాంటిది. మన రైతుకూ మన కూలికీ తెలిసిన విద్యే.

మంచిదే. అయితే ఆ బల్ల చుట్టూ కూర్చునేది శాస్త్రవేత్తలు. పరిశోధనా పత్రాల్లో ఎక్కిన సంగతి ఆ బల్ల మీదికి తొందరగా వస్తుంది. ఎక్కని సంగతి రాదు. 1990లలో అలాంటి బల్ల ఉన్నా, గొడ్లకు వేస్తున్న ఒక చౌక సూది మందు పేరు దాని మీదికి వచ్చేదా? కళేబరం దగ్గర నిలబడినవాడి మాట అక్కడికి చేరితేనే వచ్చేది. దుర్భిణీ పెట్టి దూరం చూసేవాళ్లు కావాలి. వాళ్లతో మనకు పేచీ లేదు. నేల మీద నిలబడి దగ్గర చూసేవాళ్లు కూడా కావాలి. ఈ రెండోవాళ్లు మనం. జాబితా మనం కూడా రాయాలి.

రాస్తే అందులో ఏముంటాయో మూడు సంగతులు చెప్తాం.

ఇప్పుడు మన చేలల్లో, చెరువుల్లో

మొదటిది గడ్డిమందు. మన ఆడవాళ్లకు ఏడాదిలో ఎక్కువ రోజులు పని దొరికేది నాట్లలోనూ కలుపులోనూ. గడ్డిమందు కొట్టినా చావని పత్తి విత్తనం మన దేశంలో అమ్మడానికి అనుమతి లేదు. 2002లో అనుమతి ఇచ్చింది పురుగును తట్టుకునే బీటీ పత్తికే. కాని ఈ దొంగ విత్తనం తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, గుజరాత్ చేలల్లో మొలిచింది. ఏటా జూన్ రాగానే పోలీసులు సంచులు పట్టుకున్నామని ఫోటోలు దిగుతారు. ఆ విత్తనంతో పాటు గ్లైఫోసేట్ మందు వచ్చింది. మనుషులకు బహుశా క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో ఆ మందును ఒక వర్గంలో పెట్టింది. పురుగుల నివారణ లైసెన్సు ఉన్నవాళ్లే కొట్టాలని కేంద్రం 2022లో గెజిట్టు వేసింది. లైసెన్సు ఉన్నవాడు మన ఊరికొచ్చి మందు కొట్టిపోయింది మీరెవరైనా చూశారా? డబ్బా వీపుకు తగిలించుకునేది మన తమ్ముడే. ముక్కుకు గుడ్డ కూడా ఉండదు.

వరిలో కూడా ఇదే దారి వస్తోంది. నాటు లేకుండా వెదజల్లే సాగు పెరిగితే గడ్డిమందు పెరుగుతుంది. 2024లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ గడ్డిమందును తట్టుకునే రెండు బాస్మతి రకాలు తెచ్చింది. అవి జన్యుమార్పిడి పంటలు కావు, చట్టబద్ధమైనవే. నీళ్లు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుందంటున్నారు. నిజమే కావచ్చు. మన వాడలో ఎకరం రెండెకరాలున్న అన్న కూడా కూలి రేటు తట్టుకోలేక గడ్డిమందు కొడుతున్నాడు. ఆయన్ని తిట్టడానికి మేం రాలేదు. కాని ఆ తగ్గిన ఖర్చు ఎవరి కూలి? కలుపు కూలీ ఆడమనిషి చేతికొచ్చే డబ్బు కదా?

కూలి ఒక్కటే కాదు. కలుపు అని వాళ్లు పేరు పెట్టినదాన్ని మనం కూర అన్నాం. తుమ్మి కూర, దొగ్గలి కూర, గునుగు కూర, గంగవాయిల కూర, పొన్నగంటి కూర. ఇవి ఎవరూ విత్తరు, ఎవరూ కొనరు. కలుపుకు పోయిన తల్లి కొంగులో వేసుకొస్తే రాత్రికి పిల్లల కంచంలో పడతాయి. రక్తం లేదని ఆసుపత్రిలో మాత్రలిస్తున్నారు కదా, ఆ రక్తమిచ్చే ఆకులను చేలో మందు కొట్టి చంపుతున్నారు. గునుగు పోతే బతుకమ్మ పేర్చేదెట్లా? ఆ పూల మీద వాలే తేనెటీగ పోతే, కంది పూత మీద వాలేదెవరు? జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడవాళ్లు ఈ ఆకుల పేర్లు, పాత జొన్నల, సామల, కొర్రల విత్తనాలు కాపాడుకొచ్చారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ప్రపంచం మెచ్చిన శాస్త్రం అది. చదువురాని దళిత ఆడమనిషి శాస్త్రం.

రెండోది విత్తనంలో వస్తున్న కొత్త కత్తెర. 2025 మేలో కేంద్రం జీనోమ్ ఎడిటింగ్ చేసిన రెండు వరి రకాలు ప్రకటించింది. వేరే జీవి నుంచి జన్యువు తెచ్చి అతికించడం కాదు, ఉన్న జన్యువునే కత్తిరించి మార్చడం. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైంది, పేరు కమల. ఆ రెండు రకాలకు తల్లులెవరో తెలుసా? మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, మన మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు. ఇలాంటి కొన్ని రకాల మార్పులకు జన్యుమార్పిడి పంటల కఠిన పరీక్షలు అక్కర్లేదని 2022లోనే కేంద్రం మినహాయింపు ఇచ్చింది. దిగుబడి పెరుగుతుంది, నీళ్లు తగ్గుతాయని చెప్తున్నారు. కొత్తదంతా విషమని మేం అనం. టీకా కూడా ఒకప్పుడు కొత్తదే. అడగాల్సిన ప్రశ్న అడగాలంటున్నాం. ఆ కత్తెర మీద పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాలవీ కంపెనీలవీ. రేపు విత్తనం దాచుకునే హక్కు రైతుకు ఉంటుందా? గడ్డినీ, పిట్టనూ, గట్టు మీది పురుగునూ చూసి చెప్పే పరీక్ష ఎవరు చేస్తారు? డైక్లోఫెనాక్‌ను పశువు దాకా పరీక్షించి ఆపిన తప్పు ఇక్కడ మళ్లీ జరగకూడదు.

మూడోది చెరువు. ఇళ్లల్లో గాజు తొట్లలో పెంచుకునే ఒక చేప ఉంది. దక్షిణ అమెరికా చేప. ఒళ్లంతా గట్టి పెంకు, ముళ్లు. తొట్టిలో పట్టనంత పెరిగాక జనం చెరువులో పారేశారు. దాన్ని మన మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. వలలు చించుతుంది, తిండికి పనికిరాదు, మన చేపల మేత తింటుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెరువుల్లో నీళ్లు తీసి, ఆ నీళ్లలోని డీఎన్ఏ చూసి, ఇది తూర్పు కనుమల్లో ఎంత దూరం పాకిందో పట్టుకున్నారు. గొప్ప పద్ధతి. కాని చినిగిన వల పట్టుకున్న బెస్త అన్న, ముదిరాజ్ అన్న అంతకు ముందే చూశారు కదా! ఇదొక్క మన కులం మాట కాదు. పని చేసే కులాలన్నిటి మాట ఇది.

పని తిరిగి అడగడం లేదు

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. మనోళ్ల జ్ఞానం గొప్పదని చెప్పగానే కొందరు పెద్దలు సంతోషంగా తలూపుతారు. ఆహా, పాత పద్ధతులే మంచివి, ఎవరి వృత్తి వాళ్లు చేసుకుంటే ప్రకృతి చల్లగా ఉంటుంది అంటారు. జాగ్రత్త! మనువు వెనక తలుపు నుంచి ఇట్లాగే వస్తాడు. చచ్చిన గొడ్డును మోయవద్దు, దాని మాంసం తినవద్దని బాబాసాహెబ్ 1927లో మహాడ్ సభలో చెప్పారు. 2016లో గుజరాత్‌లో ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన తమ్ముళ్లను బట్టలిప్పి కొడితే, అక్కడి దళితులు కళేబరాలను కలెక్టరాఫీసు ముందు పడేసి, మీ తల్లిని మీరే పూడ్చుకోండన్నారు. అది ఆత్మగౌరవం. దాని నుంచి ఒక్క అడుగు వెనక్కి పోయేది లేదు.

కాబట్టి మేం అడిగేది ఆ పని కాదు. కళేబరాలు తీసే పని పంచాయతీది, మునిసిపాలిటీది. యంత్రాలు పెట్టుకోవాలి, జీతాలివ్వాలి, ఆ ఉద్యోగాలు అన్ని కులాలకూ ఉండాలి. రాబందు తన పని తాను చేస్తుంది, దానికి విషం లేని తిండి దొరికితే చాలు. 2013లో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు కనపడ్డాయి. అంటే ఆశ పూర్తిగా చావలేదు. మేం అడిగేది ఆ పనిలో మన తాతలు సంపాదించిన చూపును. ఆ చూపుకు బల్ల దగ్గర కుర్చీ అడుగుతున్నాం. పని వదిలేద్దాం, చూపు వదలొద్దు.

ఏం చెయ్యాలి

ఆ కుర్చీ చట్టంలో ఉంది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. ప్రతి పంచాయతీ, ప్రతి మునిసిపాలిటీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలని అందులో ఉంది. దాంట్లో మూడో వంతు ఆడవాళ్లు, వందకు 18 మంది చొప్పున తగ్గకుండా ఎస్సీ ఎస్టీలు ఉండాలని 2004 నిబంధనల్లో రాశారు. ఊళ్లో ఉన్న చెట్టూ చేమా, పిట్టా పురుగూ, విత్తనం, మందు మొక్క, వాటి గురించి జనానికి తెలిసిన విద్య అంతా ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. దేశంలో రెండు లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయని సర్కారు లెక్క. మీ ఊరి రిజిస్టరు మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. 2023లో ఈ చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ విద్యను వాడుకునే వాళ్లు లాభంలో వాటా ఇవ్వనక్కర్లేకుండా చేశారు. జైలు శిక్షలు తీసేసి జరిమానాలు పెట్టారు. కాబట్టి చట్టం మెత్తబడుతోంది, మనం గట్టిపడాలి.

వెళ్లగానే చేయాల్సినవి ఇవి.

ఒకటి. పంచాయతీ ఆఫీసుకు వెళ్లి కమిటీలో ఎవరున్నారో, రిజిస్టరు ఎక్కడుందో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన మనిషి పేరు ఉంటే ఆ మనిషికి ఆ సంగతి తెలుసో లేదో కనుక్కోండి.

రెండు. ప్రతి వాడలో ఒక నోటుపుస్తకం పెట్టండి. పదో తరగతి చదివే పిల్లకు ఇవ్వండి. నాలుగు గీతలు గీస్తే చాలు. కొత్తగా కనపడిందేమిటి? కనపడకుండా పోయిందేమిటి? ఎప్పటి నుంచి? ఆ టైములో ఊళ్లోకి ఏ కొత్త మందు, ఏ కొత్త విత్తనం, ఏ కొత్త ఫ్యాక్టరీ వచ్చింది? చెప్పిన మనిషి పేరు తప్పకుండా రాయండి. ముసలమ్మ చెప్తే ముసలమ్మ పేరు. మన విద్య మన పేరు మీద ఉండాలి.

మూడు. గొడ్డుకు సూది వేయిస్తే సీసా పేరు చదవండి. డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్, నిమెసులైడ్ అని ఉంటే వద్దనండి, అవి నిషేధించిన మందులని చెప్పండి. మెలాక్సికామ్ అడగండి.

నాలుగు. కుక్క కరిస్తే ఆలస్యం వద్దు. పసరు వద్దు. సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి, వెంటనే సర్కారు దవాఖానాకు తీసుకుపోండి. టీకా అన్ని మోతాదులూ వేయించండి. మందు లేదంటే అక్కడే కూర్చోండి, మాకు కబురు చేయండి.

ఐదు. కలుపు కూలి పోతున్న లెక్క మన ఆడవాళ్ల దగ్గర రాసుకోండి. పోయినేడు ఎన్ని రోజులు, ఈ ఏడు ఎన్ని రోజులు. ఉపాధి హామీ పని అడగడానికీ, గడ్డిమందు మీద మాట్లాడటానికీ అదే మన సాక్ష్యం.

నోటుపుస్తకాలను వచ్చే సమావేశానికి తీసుకురండి. పది ఊళ్లలో ఒకే పిట్ట కనపడటం లేదని పది పుస్తకాల్లో ఉంటే, అది ఇక ముసలమ్మ మాట కాదు, సమాచారం. దాన్ని పట్టుకుని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పోదాం, సీసీఎంబీకి పోదాం, జీవవైవిధ్య బోర్డుకు పోదాం. వాళ్లు వినకపోతే ఈ పత్రికలో అచ్చువేద్దాం. రాబందు విషయంలో మన పెద్దలు చూసింది గాలిలో కలిసిపోయింది. ఈసారి కాగితం మీద ఉండాలి, తేదీతో సహా ఉండాలి.

జై భీం.